ఎండుమిర్చి ఎరుపూ, అప్‌లోడ్ చేసిన ఫొటో నాణ్యతా

గుంటూరు మిర్చి యార్డులో ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఫొటోలు తీసేవారికి ఒక చిక్కు తరచుగా ఎదురవుతుంది. టిక్కీ (మిర్చి బస్తా) విప్పి కింద పోసిన తేజ రకం కాయల రాశిని దగ్గరగా తీస్తే, కెమెరా తెర మీద కాయ కాయకూ ఉన్న ముడత, తొడిమ దగ్గరి నొక్కు, నడుమ కలిసిన తాలు కాయ కూడా విడివిడిగా కనిపిస్తాయి. అదే ఫొటోను ఏదైనా సామాజిక మాధ్యమంలో పెట్టి చూస్తే కాయలన్నీ కలిసిపోయి ఎర్రటి ముద్దలా ఉంటాయి. దాని వెంటే పెట్టిన ప్రకాశం బ్యారేజీ ఫొటో మాత్రం ఫరవాలేదనిపిస్తుంది. లెన్సును అనుమానించే ముందు, మన చేతి నుంచి వెళ్లిన ఫైలుకు దారిలో ఏమి జరిగిందో చూడాలి.

ఫొటోలను దాచే ఫైళ్లలో బాగా వాడుకలో ఉన్న జేపెగ్ 1992 నాటి ప్రమాణం. అది ఫొటోను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, కంటికి అంతగా ఆనని సూక్ష్మమైన తేడాలను వదిలివేసి ఫైలును చిన్నది చేస్తుంది. అంతకు ముందే వెలుగును ఒక పక్కకు, రంగును ఒక పక్కకు వేరు చేస్తుంది. మన కన్ను వెలుగులోని తేడాలను పట్టినంత నిశితంగా రంగులోని తేడాలను పట్టలేదు కనుక, చాలా సైట్లు రంగు సమాచారాన్ని అడ్డంగా సగానికి, నిలువుగా సగానికి, అంటే మొత్తం మీద నాలుగో వంతుకు కుదిస్తాయి. వెలుగును లెక్కగట్టే సూత్రంలో ఆకుపచ్చ వాటా సుమారు 59 శాతం, ఎరుపు వాటా 30 శాతం, నీలం వాటా 11 శాతం. మిర్చి రాశిలో కాయకూ కాయకూ మధ్య తేడా అంతా దాదాపుగా ఎరుపులోనే ఉంటుంది. అందులో మూడో వంతుకు లోపే వెలుగు లెక్కలోకి చేరి బతికిపోతుంది, మిగిలినది కుదింపుకు గురయ్యే రంగు లెక్కలోకి పోతుంది. బ్యారేజీ స్తంభాలు, కృష్ణ నీళ్లు బూడిద రంగుకు దగ్గరగా ఉండటం వల్ల అక్కడ ఈ నష్టం బయటపడదు. సాయంకాలపు ఆకాశం మాత్రం మరో రకంగా దొరికిపోతుంది: నారింజ నుంచి నీలానికి మెల్లగా మారే చోట మెట్లు మెట్లుగా చారలు పడతాయి.

ఇది ఒక ఎత్తు, పిక్సెళ్లను తగ్గించడం మరొక ఎత్తు. 24 మెగాపిక్సెళ్ల కెమెరా 6000×4000 కొలతలతో, అంటే 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్లతో ఫొటో ఇస్తుంది. ఫేస్‌బుక్ సిఫారసు చేసే పెద్ద కొలత 2048 పిక్సెళ్ల దగ్గర ఆగుతుంది. ఆ లెక్కన మిగిలేవి దాదాపు 28 లక్షల పిక్సెళ్లు. ఇన్‌స్టాగ్రామ్‌కు సరిపడే 1080 వెడల్పుకు దించితే 7 లక్షల 80 వేలు కూడా ఉండవు. ఫోను తెర మీద చూసే ఫొటోకు ఇంతకంటే అవసరం లేదు కాబట్టి ఆ సైట్లను తప్పుపట్టడానికి నాకు కారణం కనిపించదు. అయితే ఆ తగ్గింపు ఎలాగూ తప్పనప్పుడు, దానిని సర్వరుకు వదలకుండా మన కంప్యూటర్‌లోనే చేసుకోవడం మేలని నా అభిప్రాయం. నేను ఫొటోను 2048కు తగ్గించి, తగ్గించిన తరువాతే కొద్దిగా షార్ప్ చేసి (అంచులకు పదును పెట్టి), జేపెగ్ నాణ్యతను 100కు 90 దగ్గర ఉంచి సేవ్ చేస్తాను. సైటు మళ్లీ ఒకసారి కుదించినా, కొలత మారదు కనుక అంచులు నిలబడతాయి. మిర్చి వంటి ఫొటోలకు ఎరుపు గాఢతను పెంచకుండా, ఎరుపులోని నీడలనూ వెలుగులనూ కాస్త ఎడంగా ఉంచితే కాయలు విడిగా కనిపిస్తాయి. రంగుల ప్రొఫైలు, అంటే ఫైలులోని అంకెలను ఏ రంగులుగా చూపాలో చెప్పే సమాచారం, తెరలు మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీగా ఉండటం తప్పనిసరి. అంతకంటే ఎక్కువ రంగులు పట్టే అడోబ్ ఆర్‌జీబీలో ఉన్న ఫైలు నుంచి ఆ ప్రొఫైలు ఊడిపోతే గుంటూరు ఎరుపు కాస్తా వెలిసిపోయినట్టు అవుతుంది. పీఎన్‌జీ అనే మరో రకం ఫైలుగా పెడితే నాణ్యత తగ్గదనే మాట తరచుగా వింటాను గానీ, చాలా చోట్ల సర్వరు దానినీ జేపెగ్‌గానే మారుస్తుంది.

అచ్చు వేయించే ఫొటోల సంగతి వేరు. బ్రాడీపేటలో ఆల్బమ్ చేయించడానికి వెళ్లిన మా బాబాయితో స్టూడియో కుర్రాడు, "ఇవి వాట్సాప్‌లో వచ్చినవా అండీ? 12×36 షీటుకు పెడితే పగిలిపోతాయి. ఒరిజినల్స్‌ని డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి" అన్నాడు. అతని మాటలో న్యాయం ఉంది. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 12 అంగుళాలకే 3600 కావాలి. వాట్సాప్ కుదించి పంపిన, పొడవు 1600 పిక్సెళ్లు ఉన్న ఫొటో అయిదున్నర అంగుళాలకు కూడా చాలదు. వాట్సాప్‌లో 2023లో వచ్చిన హెచ్‌డీ ఎంపిక కొంత నయమే అయినా, అందులోనూ కుదింపు ఉంటుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టుగా చేరుతుంది. ఫొటోను తెర మీద తెరిచి స్క్రీన్‌షాట్ తీసి పంపే అలవాటు గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది.

ఇక అసలు ఫైళ్లను దాచే చోటు. గూగుల్ ఫొటోస్‌లో 2021 జూన్ 1 వరకు కుదించిన ఫొటోలను ఉచితంగా ఎన్నైనా దాచుకునే వీలుండేది. ఇప్పుడు కుదించినవీ కుదించనివీ కూడా 15 జీబీ లెక్కలోకే వస్తాయి, ఆ 15లో జీమెయిల్, డ్రైవ్ కూడా పాలు పంచుకుంటాయి. సెట్టింగుల్లో ‘స్టోరేజ్ సేవర్’ ఉంటే ఫొటోలు కుదింపుకు గురవుతాయి, 16 మెగాపిక్సెళ్లకు మించినవి ఆ కొలతకు దిగుతాయి. అసలు నాణ్యత కావాలంటే ‘ఒరిజినల్ క్వాలిటీ’ని మనమే ఎంచుకోవాలి. ఫ్లికర్ ఉచిత ఖాతాకు 1000 ఫొటోల పరిమితి ఉంది. ఉండవల్లి గుహలు, కొండవీడు కోట వంటి వాటి ఫొటోలకు నేను వికీమీడియా కామన్స్‌ను ఇష్టపడతాను. మనం ఎక్కించిన ఫైలు అక్కడ యథాతథంగా ఉంటుంది, చిన్న ప్రతులను అది విడిగా తయారు చేసుకుంటుంది. అక్కడి స్వేచ్ఛా లైసెన్సు ప్రకారం ఆ ఫొటోను ఎవరైనా వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు కనుక, ఇంటి ఫొటోలకు అది తగిన చోటు కాదు.

ఏ సైటు ఏమి చేస్తుందో తేల్చుకోవడానికి ఎవరినీ అడగనక్కరలేదు. ఒక ఫొటోను ఎక్కించి, దానినే తిరిగి దించుకుని, రెండు ఫైళ్ల కొలతలనూ, బైట్ల సంఖ్యనూ పక్కపక్కన పెట్టి చూడాలి. అవి కలిస్తే ఎస్‌హెచ్‌ఏ-256 విలువ (ఫైలులోని బైట్లన్నిటి నుంచి లెక్కగట్టే, వేలిముద్ర వంటి సంకేతం) కూడా తీసి పోల్చవచ్చు. ఆ విలువలు రెండూ ఒకటే అయితే ఫైలు చెక్కుచెదరలేదని నిశ్చింతగా ఉండవచ్చు. తీసిన తేదీ, కెమెరా వివరాలు మిగిలాయో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి. ఈ పరీక్ష అయ్యాకే మెమరీ కార్డును ఖాళీ చేయడం నా పద్ధతి.