బరంపురం గొంతుకి మొదటి పాట

పిల్లాడు బాగా పాడుతున్నాడని నలుగురూ అనగానే మన ఒడిశా తెలుగు ఇళ్ళల్లో వచ్చే మొదటి మాట "వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టండి" అని. దానికి తోడు జస్టిన్ బీబర్ కథ చెబుతారు. 1994లో పుట్టి, కెనడాలో స్ట్రాట్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్ళో పెరిగిన కుర్రాడు. 2007లో ఊరి పోటీలో రెండో స్థానం వచ్చింది. చుట్టాలు చూస్తారని వాళ్ళమ్మ ఆ పాటలు యూట్యూబ్‌లో పెట్టింది. స్కూటర్ బ్రాన్ అనే మేనేజరు వేరే ఎవరినో వెతుకుతుంటే ఇవి కంటబడ్డాయి. 2009కల్లా మొదటి రికార్డు వచ్చేసింది.

కథ నిజమే, కానీ చెప్పేటప్పుడు రెండు సంగతులు జారిపోతాయి. వీడియోలు పెట్టేనాటికే ఆ పిల్లాడు డ్రమ్స్, పియానో, గిటారు, ట్రంపెట్ వాయించేవాడు. రెండోది ఇంకా ముఖ్యం: 2010లో, పదహారో ఏట గొంతు మారుతుంటే, రికార్డులో పాడిన శ్రుతి వేదిక మీద అందక దించి పాడాడు. పక్కన గొంతు శిక్షకురాలు కూడా ఉన్నారు.

మగపిల్లలకి సుమారు 12 నుంచి 15 ఏళ్ళ మధ్య స్వరపేటిక పెరుగుతుంది, స్వరతంతువులు పొడవై మందమవుతాయి. గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. సరిగ్గా అప్పుడే పోటీలకు పంపుతూ "నిరుడు ఇదే పాట పై షడ్జం దాకా పాడావు కదా" అని ఒత్తిడి పెడతారు. దయచేసి అలా చేయకండి. అందని స్వరాన్ని అరిచి అందుకుంటే తంతువులు వాచి, కొన్నాళ్ళకి కాయల్లా గట్టిపడతాయి. ఆ నెలల్లో మధ్యస్థాయిలో హాయిగా పలికే ఐదారు స్వరాలతోనే, పూటకి 15 నిమిషాలు చాలు. గొంతు పట్టేస్తే మాటలు తగ్గించాలి, గుసగుసలు కూడా వద్దు. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాలి.

శ్రుతి విషయంలో ఇంకో పొరపాటు కరోకే ట్రాకుతో (గొంతు లేకుండా వాద్యాలే ఉన్న పాటతో) వస్తుంది. అది అసలు గాయకుడి శ్రుతిలో ఉంటుంది, మీ పిల్లవాడిది కాదు. శ్రుతిపెట్టె అంకెల్లో చెబితే, ఎదిగిన మగగొంతు ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో, ఆడగొంతు ఐదున్నర, ఆరు దగ్గర నిలకడగా పలకడం మామూలు. ట్రాకుని రెండు మూడు అర్ధస్వరాలు (హార్మోనియం మీద పక్కపక్క మెట్లు) దించితే ఫర్వాలేదు. అంతకు మించితే తబలా, డ్రమ్స్ బురదగా వినిపిస్తాయి. అప్పుడు కీబోర్డు వాయించేవారితో కొత్తగా కట్టించుకోవడమే మంచిది.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడల్లో పిల్లలు ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, టీవీలో హిందీ. మూడు భాషల్లో పాడగల గొంతు ఎక్కడికెళ్ళినా ఆస్తే. అయితే ఒడియా పలుకు తెలుగు పాటలోకి తెలియకుండానే వచ్చేస్తుంది. ఒడియాలో శ, ష, స మూడూ "స"గానే పలుకుతారు, కాబట్టి "ఆశ" కాస్తా "ఆస" అవుతుంది. "వ" తరచు "బ" వైపు జరిగి వసంతం "బసంతం"లా వినబడుతుంది. "అ" గుండ్రంగా తిరిగి "ఒ" అవుతుంది. ఎ–ఏ, ఒ–ఓ, ఇ–ఈ తేడా ఒడియా మాటలో ఉండదు గనక మెడకీ మేడకీ, కొనకీ కోనకీ, విడుకీ వీడుకీ భేదం పోతుంది. మాటల్లో ఇది ఎవరూ పట్టించుకోరు. పాటలో స్వరం సాగుతుంది కాబట్టి ఒక్క అక్షరానికే హైదరాబాద్ శ్రోత పట్టేస్తాడు.

దీనికి మందు ఉంది. పాటని ముందు రాగం లేకుండా, చప్పట్ల తాళానికి చదివించండి. తర్వాత హల్లులన్నీ తీసేసి అచ్చులు మాత్రమే పాడించండి. హ్రస్వం ఎక్కడ సాగిపోతోందో అప్పుడు దొరుకుతుంది. ఫోనులో రికార్డు చేసి ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో, పాట కాగితం చూపించకుండా వినిపించండి. వాళ్ళకి అర్థం కాని మాట కింద గీత గీయండి. ఒక్కోసారి తప్పు పిల్లలది కాదు, పాట రాసినవారిది. ఒడియా బాణీకి తెలుగు మాటలు కూర్చేటప్పుడు పొడుగు స్వరం మీద హ్రస్వాన్ని పెట్టేస్తారు. అక్కడ మాట మార్చాలి, గొంతు కాదు.

ఎదురు దిక్కున కూడా జాగ్రత్త కావాలి. మనవాళ్ళు ఒడియా పాట అందుకుంటే ఘ, ధ, భ ఒత్తులు తేలిపోతాయి. హిందీ అలవాటుతో చివరి అచ్చు మింగేస్తారు. "ఘర్" కాదు, "ఘొరొ" అని ఆ చివరి అచ్చు నిలవాలి.

వేదిక ఎలాగూ దొరుకుతుంది. వినాయక చవితికీ దసరాకీ, రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణీ యాత్రకీ మెలోడీలు (పాటకచేరీలు) పెడుతూనే ఉంటారు. మైకు పెదవులకి రెండు వేళ్ళ దూరంలో ఉండాలి. దాని తలకాయని గుప్పిట్లో మూసి పట్టారో, కూత మొదలవుతుంది.

రికార్డింగుకి మొదట స్టూడియో అక్కర్లేదు, నిశ్శబ్దమైన గది కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు నిషేధం, కాబట్టి పది దాటాక కూర్చోండి. ఫ్యాను ఆపాల్సిందే. వేసవిలో పది నిమిషాలు పాడి ఐదు నిమిషాలు ఫ్యాను వేసుకోవచ్చు. పరుపుని మైకు వెనక పెట్టేవాళ్ళు చాలామంది, పెట్టాల్సింది పాడేవాళ్ళ వెనక. ఎందుకంటే మైకు చెవి అటే ఉంటుంది, గోడ నుంచి తిరిగొచ్చే మోత అటునుంచే దూరుతుంది. కండెన్సర్ మైకైతే (కరెంటు అందితేనే పనిచేసే సున్నితమైన రకం), దాన్ని కంప్యూటరుకి కలిపే ఇంటర్‌ఫేస్‌లో 48 వోల్టుల మీట వేయాలి. పెదవులకి జానెడు దూరం, మధ్యలో ఊపిరి తాకిడిని ఆపే పాప్ ఫిల్టర్ అనే జల్లెడ, మైకు కొంచెం పక్కకి వాల్చి పెడితే ప, బ, ఫ ఊదు తగలదు. రికార్డింగు సెట్టింగు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. అతి గట్టిగా పాడే చోట కూడా స్థాయి చూపే ముల్లు మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. సున్నా తాకి పగిలిన స్వరాన్ని తర్వాత ఎవరూ పూర్తిగా బాగుచేయలేరు. "గుయ్" మనే హమ్ వస్తుంటే లాప్‌టాప్ చార్జరు తీసి చూడండి. ఆగిపోతే లోపం చార్జరుదో ఇంటి ఎర్తింగుదో అన్నమాట. గోపాలపూర్ వైపు ఇళ్ళల్లో సముద్రపు తేమకి కండెన్సర్ మైకు చిటపటలాడుతుంది. పని కాగానే సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టి మూయండి.

పాట మొత్తం ఐదుసార్లు పాడించి, చరణం చరణానికి మంచిది ఏరుకోండి. తప్పిన స్వరాన్ని సరిచేసే ఆటోట్యూన్ వాడడం తప్పు కాదు, కానీ అది సరిచేసే వేగం పెంచితే గమకాన్ని (స్వరాన్ని ఊపి పలికే తీరుని) కూడా అపస్వరమనుకుని చదును చేసేస్తుంది. కర్ణాటక సంగీతం నేర్చిన పిల్లల పాట ఇలా ప్రాణం పోయి రావడం చూస్తే బాధేస్తుంది. వేగం తగ్గించి, తప్పిన స్వరం ఒక్కదానికే వాడండి.

మొదట ఏ పాట? సినిమా పాటతో గుర్తింపు త్వరగా వస్తుంది, కాదనను. కానీ యూట్యూబ్‌లో హక్కుదారు క్లెయిము వేస్తే ఆ ఆదాయం చాలామటుకు వాళ్ళకే పోతుంది. 1957 కాపీరైట్ చట్టంలో కవర్ పాటకి (ఉన్న పాటనే మళ్ళీ పాడి రికార్డు చేయడానికి) దారి ఉంది గానీ, అసలు రికార్డింగు జరిగిన సంవత్సరం ముగిశాక ఐదేళ్ళు ఆగాలి, ఏడాదికి కనీసం 50,000 ప్రతులకి రాయల్టీ కట్టాలి. ఆ బరువు మోసే బదులు ఊళ్ళో మాటలు కూర్చేవారితో ఒక సొంత పాట రాయించుకోవడం మేలు. అప్పుడు రచన ఎవరిది, బాణీ ఎవరిది, రికార్డింగు ఖర్చు ఎవరిది అన్నది పాట బయటికి వెళ్ళకముందే కాగితం మీద సంతకాలతో ఉండాలి. 2012 సవరణ తర్వాత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటా వదులుకున్నామని సంతకం పెట్టినా చెల్లదు. గాయకుడికి కూడా ప్రదర్శన హక్కు 50 ఏళ్ళు ఉంటుంది.

18 నిండని పిల్లలు చేసుకున్న ఒప్పందం చట్టం ముందు నిలవదు. సంతకం అమ్మానాన్నలదే, కాబట్టి చదవాల్సింది వాళ్ళే. "అన్ని భాషలు", "అన్ని మాధ్యమాలు", ఎన్నేళ్ళు అనే మూడు మాటల దగ్గర ఆగి చదవండి. "అన్ని భాషలు" అని ఉంటే ఒడియా కంపెనీతో కుదుర్చుకున్నది తెలుగు పాటని కూడా కట్టేస్తుంది. 14 ఏళ్ళలోపు పిల్లలతో షూటింగు పెడితే నిర్మాత జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. రోజుకి 5 గంటలు మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం బిడ్డ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి.

పాటల యాప్‌లకి పాటని చేర్చే పంపిణీ సంస్థకి, విడుదలకి నాలుగు వారాల ముందే పంపండి. పాట ముఖచిత్రం 3000 బై 3000 పిక్సెళ్ళు ఉండాలి, పాటకి 12 అక్షరాంకెల ఐఎస్‌ఆర్‌సీ (ప్రతి రికార్డింగుకీ ఇచ్చే గుర్తింపు సంకేతం) కావాలి. స్పాటిఫైలో అక్కడి సంపాదకులు ఏర్చి కూర్చే పాటల జాబితాలో చోటు కోసం, విడుదలకి కనీసం ఏడు రోజుల ముందు అడగాలి. అక్కడ 12 నెలల్లో 1,000 సార్లు వినబడని పాటకి డబ్బు రాదు, ముందే తెలిసుంటే నిరాశ తగ్గుతుంది. పేరు మాత్రం ఒకే రకంగా రాయించండి. మన పిల్లల పేరు బడి రికార్డులో ఒడియా పలుకుతో "బెంకట", ఇంట్లో "వెంకట", ఆధార్‌లో ఇంకో రకం. తెలుగు పాట ఒక స్పెల్లింగుతో, ఒడియా పాట మరో స్పెల్లింగుతో వెళ్తే ఒకే గాయకుడికి రెండు పేజీలు పుడతాయి, విన్నవాళ్ళు రెండుగా చీలిపోతారు. వాటిని కలపమని పంపిణీ సంస్థ ద్వారా అడగాలి, పాటల లింకులన్నీ ఇచ్చి.