పా... ద, పా... ద: షోపాన్ ప్రెల్యూడ్‌ని పిల్లలతో ఇంట్లో సాధన చేయించడం

శనివారం పొద్దున కర్ణాటక సంగీతం, వారం మధ్యలో ఓ సాయంత్రం పియానో. ఇక్కడ విదేశంలో పెరిగే మన పిల్లలు చాలామందికి రెండూ ఉంటాయి, కానీ ఒక క్లాసు మాట ఇంకో క్లాసులో వినబడదు. ఆ రెంటినీ కలపడానికి పోలండ్ స్వరకర్త షోపాన్ ఇ మైనర్ ప్రెల్యూడ్‌ని (ఓపస్ 28 అనే సంపుటిలో 4వ చిన్న పియానో రచన) మించింది లేదని నా గట్టి నమ్మకం. మొత్తం 25 బార్లు (మన ఆవర్తనాల్లాంటివి), దాదాపు రెండు నిమిషాలు.

కుడిచేతిలో మొదటి మూడు బార్లూ బీ, సీ, బీ, సీ (పాశ్చాత్య స్వరాల పేర్లు), అంతే. ఇ ని షడ్జం అనుకుంటే అవి పంచమం, శుద్ధ ధైవతం. శృతి యాప్‌ 3 శృతిలో (అంటే ఇ) పెట్టి "పా... ద, పా... ద" అని పాడించండి. నిలకడగా, హాయిగా ఉంటుంది. ఇప్పుడు శృతి ఆపేసి, పిల్ల పాడుతూ ఉండగా ఎడమచేతి కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) మీరు నొక్కండి. మీకు పియానో రాకపోయినా పర్లేదు, ఒక్కోదానికి మూడు మెట్లే (పియానో మీటలు). మొదటి బార్ అంతా జీ, బీ, ఇ. రెండో బార్ నుంచి జారుడు మొదలవుతుంది: ఎక్కువసార్లు ఒక్క వేలే పక్క మెట్టుకి దిగుతుంది, మిగతావి అక్కడే ఉంటాయి. అదే పా, కానీ ఇప్పుడు గుబులుగా వినిపిస్తుంది. మన సంగీతంలో ఆధార షడ్జం కదలదు, స్వరం గమకంతో కదిలి కరుణ పుట్టిస్తుంది. ఇక్కడ స్వరం నిలబడి ఉంటే ఆధారం కదులుతుంది. ఇది చెవికి ఒక్కసారి తగిలితే ఇక వేరే పాఠం అక్కర్లేదు.

ఎడమచేతికి బార్‌కి ఎనిమిది దెబ్బలు. పిల్లలు మొదటినుంచీ ఎనిమిదీ కొట్టేస్తారు, మణికట్టు బిగుస్తుంది, కుడిచేతి పాట మునిగిపోతుంది. మొదటి వారం కార్డ్ మారినప్పుడు ఒక్కసారే నొక్కి పట్టుకోమనండి, మారిన స్వరం పేరు పైకి చెప్పించండి. తరవాత దెబ్బలు కలపొచ్చు, మెట్టు పూర్తిగా పైకి రాకముందే మళ్లీ నొక్కాలి. స్వరాలని మోగిస్తూ ఉంచే కాలి పెడల్ కార్డ్ మారిన ప్రతిసారీ వదిలి మళ్లీ తొక్కాలి. లేకపోతే పక్కపక్క స్వరాలు కలిసి బురదవుతుంది. లెక్క బార్‌కి రెండే, ఎనిమిది లెక్కపెడితే పాట ఈడుస్తుంది.

కుడిచేతిలో తప్పంతా సీ దగ్గరే. పియానోలో కొట్టిన స్వరం వెంటనే తగ్గడం మొదలవుతుంది. బార్లో ముప్పావు వంతు నిలిచాక బీ ఎంత మిగిలిందో, సీ అంత మెత్తగా రావాలి. కొత్తగా కొడితే నిట్టూర్పు కాస్తా పిలుపైపోతుంది.

16వ బార్‌లో స్ట్రెట్టో అంటే ముందుకు తొయ్యమని. చెయ్యి కష్టపడేది అక్కడే కాబట్టి పిల్లలు సరిగ్గా అక్కడే నెమ్మదిస్తారు. ఆ రెండు మూడు బార్లూ విడిగా చేయించండి.

ఎవరు రాశారని అడిగితే వివరంగా చెప్పండి. షోపాన్ తండ్రి ఫ్రాన్స్ నుంచి పోలండ్ వెళ్లి స్థిరపడ్డాడు. కొడుకు 1830లో, 20 ఏళ్లకి, వార్సా విడిచి పారిస్‌లో ఉండిపోయాడు, మళ్లీ వెళ్లలేదు. ఈ ప్రెల్యూడ్‌లు 1839లో అచ్చయ్యాయి. 1849 అక్టోబర్ 30న ఆయన అంత్యక్రియల్లో ఇదే ప్రెల్యూడ్‌ని పారిస్‌లోని మాదలీన్ చర్చిలో ఆర్గన్ మీద వాయించారు. గుండె మాత్రం వార్సా చేరింది.

23వ బార్‌లో ఒక కార్డ్, దాని తరవాత విరామం మీద ఫెర్మాటా (మామూలుకన్నా ఎక్కువసేపు ఆగమనే గుర్తు). పిల్లలు ఆగరు. పెడల్ పూర్తిగా వదిలించి, చేతులు మెట్ల మీదే ఉంచి, గది నిశ్శబ్దమయ్యేదాకా ఆపండి. చివరి మూడు కార్డ్‌లూ ఆ నిశ్శబ్దంలోంచే, అతి మెల్లగా రావాలి.