చెట్లలా నడిచే మనుషులు

అమ్మ కంటికి కట్టు విప్పిన నర్సు తమిళమ్మాయి. "తెరియుదా పాట్టీ?" అని అడిగింది. అమ్మకి తమిళం రాదు. ఒంగోలు పక్క పల్లె నుంచి శుక్లాల ఆపరేషన్ కోసం చెన్నై వచ్చి నాలుగు రోజులే అయింది. ఆ మాట ఆమెకి "తెలియదా?" అన్నట్టు వినబడింది.

"ఎందుకు తెలియదమ్మా, ఆడపిల్లవని తెలుస్తానే ఉంది. మొహమే ఆనటల్లా. తెల్లగా స్తంభం నిలబడ్డట్టుంది" అంది.

నర్సు నవ్వేసి చుక్కల మందు చీటీ నా చేతిలో పెట్టింది. తమిళంలో కనబడటానికీ తెలియటానికీ ఒకటే మాట. పదకొండేళ్ళుగా ఈ ఊళ్లో రోజూ వింటున్న మాటే, ఆ రోజు గానీ నాకు పట్టలేదు. అమ్మ స్తంభం అనగానే మార్కు సువార్త 8వ అధ్యాయం కళ్ళముందు తెరుచుకుంది.

బేత్సయిదా పేతురు, అంద్రెయ, ఫిలిప్పుల ఊరు. అక్కడ కొందరు ఒక గుడ్డివాణ్ణి యేసు దగ్గరికి తెచ్చి, ముట్టుకోమని బతిమాలారు. ఆయన వాడి చెయ్యి పట్టుకుని ఊరి బయటికి తీసుకెళ్ళాడు. కళ్ళమీద ఉమ్మి వేసి, చేతులుంచి, "నీకేమైనను కనబడుచున్నదా?" అని అడిగాడు. వాడు తలెత్తి చెప్పిన జవాబు ఇది: "మనుష్యులు నాకు కనబడుచున్నారు, వారు చెట్లవలెనుండి నడుచుచున్నట్లుగా నాకు కనబడుచున్నారు." యేసు మరోసారి చేతులుంచాడు. అప్పుడు వాడు "సమస్తమును తేటగా చూడసాగెను."

ఈ సంగతి మార్కు ఒక్కడే రాశాడు. స్వస్థపరుస్తూ మధ్యలో ఆగి "ఎలా ఉంది?" అని యేసు అడిగిన చోటు సువార్తల్లో నాకు ఇంకొకటి కనబడలేదు. ఒక్క మాటతో గాలిని ఆపినవాడికి ఈ కళ్ళు రెండోసారి ముట్టుకుంటే గానీ ఎందుకు బాగుపడలేదు?

ఈ ప్రశ్న నాది కాదు, అమ్మది. అది నాదాకా ఎలా వచ్చిందో చెప్పాలంటే నా బండారం కొంత బయటపెట్టుకోవాలి.

నాన్న పోయిన ఏడాది నేను చర్చి మానేశాను. ఐసీయూ బయట కూర్చుని రెండు వారాలు చేసిన ప్రార్థన దేవుడు వినలేదని కోపం. అది ఎవరికీ చెప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఫోన్ మాత్రం తప్పేది కాదు. ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "ఇయ్యాల ఏం వాక్యం చెప్పారురా?" వెళ్ళలేదని చెప్పే ధైర్యం లేదు. అందుకని ఫోన్ వచ్చే వేళకి ఓ పావుగంట ముందు బైబిల్ తెరిచి, ఏదో ఒక భాగం చదివి, పాస్టరుగారు చెప్పినట్టు అప్పజెప్పేవాణ్ణి. అబద్ధమాడటానికి బైబిల్ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను!

అలా ఓ ఆదివారం బేత్సయిదా గుడ్డివాడు దొరికాడు. గబగబా చెప్పేశాను. అమ్మ కాసేపు ఆగి, "మరి మొదటిసారికే చూపు ఎందుకు రాలేదంట? పాస్టరుగారు చెప్పలా?" అంది. "టైము అయిపోయిందమ్మా, వచ్చే వారం చెప్తారంట" అన్నాను. ఆ వారమంతా, జవాబు కోసం, లేని పాస్టరుగారి తరఫున మార్కు సువార్త మొదటి నుంచి చదివాను. ఎన్నో ఏళ్ల తర్వాత నా అంతట నేను బైబిల్ చదవడం అదే మొదలు.

మన కూడికల్లో సాక్ష్యం చెప్పేటప్పుడు "మీరు ఏ తేదీన రక్షణ పొందారు బ్రదర్?" అని అడుగుతారు. కొందరికి తేదీ ఉంటుంది. పౌలు దమస్కు దారిలో పడిపోయినట్టు, ఒక రోజు, ఒక గంట. అలాంటి సాక్ష్యాలు నిజమే, నేను కాదనను. నాకు మాత్రం చెప్పుకోడానికి తేదీ లేదు. పద్నాలుగేళ్ళప్పుడు మా బాబాయి కొడుకు బాప్తిస్మం తీసుకుంటున్నాడని నేనూ తీసుకున్నాను. చర్చి వెనక తొట్టి, జనవరి చలి, పళ్ళు టకటకలాడటం, అంతే గుర్తు. ఒకసారి ఒకాయన మరీ గట్టిగా అడిగితే ఆ తొట్టి తేదీనే రక్షణ తేదీ అని చెప్పి తప్పించుకున్నాను.

అందుకే ఆ గుడ్డివాడంటే నాకంత ఇష్టం. అసలు వాడు తనంతట తాను రాలేదు, ఎవరో తీసుకొచ్చారు. బతిమాలింది కూడా వాళ్ళే. విశ్వాసం చాలామందికి మొదలయ్యేది ఇలాగే. మనకి ఊహ తెలియకముందే ఎవరో మోకాళ్ళ మీద మన పేరు చెప్పి ఉంటారు. ఊరు దాటేదాకా వాడికి ఏమీ కనబడలేదు, చేతిలో ఒక చెయ్యి ఉందని మాత్రం తెలుసు. ఆ నడక కూడా నమ్మకమే కదా.

ఇక వాడి జవాబు చూడండి. "స్తోత్రం ప్రభువా, అంతా కనబడుతోంది" అని ఉండొచ్చు. మన స్వస్థత కూటాల్లో అయితే ఆ పాటికి మైకు చేతికిచ్చి అనిపించేవాళ్ళు కూడా. వాడు కనబడింది కనబడినట్టు చెప్పాడు. చూపు వచ్చిందన్నాడు, సరిగ్గా రాలేదనీ అన్నాడు. యేసు కోప్పడలేదు, నీకు విశ్వాసం చాల్లేదనలేదు. మళ్ళీ చెయ్యి వేశాడు. ఆ "మళ్ళీ" దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. ఐసీయూ బయట నుంచి మోసుకొస్తున్న కోపాన్ని మొదటిసారి నోరు తెరిచి ఆయనకే చెప్పింది ఆ రోజుల్లోనే. "నువ్వున్నావని తెలుస్తోంది, నీ మొహం మాత్రం కనబడటం లేదు" అన్నాను. అదీ ప్రార్థనేనని అప్పటికి నాకు తెలియదు.

మార్కు ఈ గుడ్డివాణ్ణి ఎక్కడ నిలబెట్టాడో కూడా చూడాలి. అధ్యాయం మొదట్లో నాలుగు వేలమంది ఏడు రొట్టెలతో కడుపునిండా తిన్నారు. కాసేపటికే పడవలో ఒక్క రొట్టే ఉందని శిష్యులకి టెన్షన్. "మీరు కన్నులుండియు చూడరా?" అని యేసు అడిగాడు. వెంటనే ఈ గుడ్డివాడు. ఆ వెంటనే ఫిలిప్పుదైన కైసరయ దారిలో పేతురు "నీవు క్రీస్తువు" అన్నాడు. ఎంత గొప్ప చూపు! మూడు నాలుగు వచనాలు దాటేసరికి సిలువ మాట వినలేక ప్రభువునే గద్దించబోయి, "సాతానా, నా వెనుకకు పొమ్ము" అనిపించుకున్నాడు. క్రీస్తు కనబడ్డాడు, కానీ చెట్టులా కనబడ్డాడు. 10వ అధ్యాయం చివర యెరికోలో ఇంకో గుడ్డివాడు, బర్తిమయి, చూపు రాగానే యేసు వెంట ఆ దారినే నడిచాడు. ఈ ఇద్దరి మధ్యా శిష్యులు పడుతూ లేస్తూ యెరూషలేము వైపు వెళ్తూనే ఉన్నారు. వాళ్ళ చూపు తేటపడటానికి ఆ దారంతా పట్టింది, ఆ తర్వాత కూడా పట్టింది.

అమ్మని మొన్న చెకప్‌కి తీసుకెళ్ళి లోకల్ ట్రైన్‌లో వెనక్కి వస్తున్నాం. తిరుమయిలై స్టేషన్ దగ్గర పట్టాలు కాలవ మీదుగా పోతాయి. నల్లటి నీళ్ళు, ప్లాస్టిక్ సంచులు, ముక్కులదిరే వాసన. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, నల్లకళ్ళద్దాల్లోంచి కిందికి చూసి, ఏం కాలవ అని అడిగింది. బకింగ్‌హాం కాలవ అన్నాను.

ఆ పేరు వినగానే కొంగు తీసేసింది. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా పోయే కాలవ అది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర కూలి దొరకని జనానికి పని చూపించాలని అందులో మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. అమ్మ వాళ్ళ ముత్తాత కుర్రవాడిగా అక్కడ మట్టితట్టలు మోశాడట. మధ్యాహ్నం తట్టలు దించిన చోట బోధకులు కూర్చుని "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి" అని చెప్పేవారని మా ఇంట్లో చెప్పుకుంటారు. తలమీద తట్ట ఉన్నవాడికి ఆ వాక్యానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

జనం బాప్తిస్మం అడిగితే దొర ఇవ్వలేదు. అన్నం కోసం అడుగుతున్నారేమోనని అనుమానం. కరువు సాయం ఆగేదాకా, ఏడాదికి పైగా, వాళ్ళని ఆపి ఉంచాడు. సాయం ఆగిపోయాకా వాళ్ళు వస్తూనే ఉన్నారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. నీళ్ళలో నిలబడి ఇచ్చినవాళ్ళు ఆరుగురు తెలుగు బోధకులు, విడతకి ఇద్దరు చొప్పున.

"గంజి కోసం మతం మారారు" అనే మాట నేను కాలేజీలో బోలెడుసార్లు విన్నాను, సిగ్గుపడ్డాను కూడా. ఇప్పుడు పడను. మార్కు 8వ అధ్యాయం మొదలయ్యేదే ఆకలితో. మూడు రోజులుగా తన దగ్గరే ఉన్న వాళ్ళకి తినడానికేమీ లేదని యేసే కనికరపడ్డాడు. ముత్తాత మొదట ఏం చూసి వచ్చాడో, బహుశా గంజి కుండే కావచ్చు. దాని వెనక నిలబడ్డవాడు ఆయనకి ఎప్పుడు తేటగా కనబడ్డాడో ఏ రిజిస్టరులోనూ ఉండదు. సాయం ఆగాక కూడా ఆయన వెనక్కి పోలేదు, అది మాత్రం మాకు తెలుసు.

అమ్మ కిటికీకి మొహం ఆనించి కాలవని చూస్తూనే ఉంది. మందవెలి వచ్చింది.

"ఒరే, ఆ గుడ్డివాడి వాక్యం, చెట్లలాగా మనుషులు కనపడ్డారని... ఏ పాస్టరుగారు చెప్పారురా అది?"

నాకు గొంతు తడారింది. "ఎవరూ చెప్పలేదమ్మా. ఆ ఏడు నేను చర్చికే పోలేదు. నేనే చదివి చెప్పేవాణ్ణి."

"తెలుసులే" అంది, కిటికీలోంచి మొహం తిప్పకుండా.

అడయారు దాటుతుంటే ఫోన్‌లో అలారం మోగింది. చుక్కలు వేసే టైము. అమ్మ కళ్ళద్దాలు తీసి, తల వెనక్కి వాల్చింది.