జలగలు, జత పదాలు: ఏడు నెలల ఇంగ్లీషు లెక్క

నా చైనా సహోద్యోగితో ఫిబ్రవరిలో పెట్టుకున్న ఆదివారం బడికి ఏడు నెలలు నిండాయి. 30 ఆదివారాల్లో ఐదు పోయాయి. చైనా కొత్త సంవత్సరానికి అతను ఊరెళ్లినందుకు రెండు, నా జ్వరానికి ఒకటి, ఇద్దరి బద్ధకానికి రెండు. మిగిలిన 25 రోజుల లెక్క ఇది.

అతనిది చెంగ్డు, నాది రాజమండ్రి. ఇద్దరం సింగపూర్‌లో ఒకే ఆఫీసు. మా బ్లాకు కింద కాఫీ దుకాణంలో (ఇక్కడ కోపీటియమ్ అంటారు) గంటసేపు అతని ఇంగ్లీషు, అరగంట నా చైనీసు. ఇంగ్లీషు గంటలో నన్ను లావ్‌షి అంటాడు, అంటే మాస్టారు. అరగంట మొదలయ్యేసరికి నేను అతన్ని గురువుగారూ అంటాను. ఆ మాటకు ఇప్పుడు తల తిప్పి చూస్తున్నాడు కూడా.

అతనికి పరీక్షలేమీ లేవు. చైనాలో 1987లో మొదలైన కాలేజీ ఇంగ్లీషు నాలుగో స్థాయి పరీక్ష, 1989లో వచ్చిన ఆరో స్థాయి పరీక్ష రెండూ చదువుకునే రోజుల్లోనే గట్టెక్కాడు. 710కి 425 దాటితే చాలు, అంతకంటే బాగానే తెచ్చుకున్నాడు. కోరిక ఒక్కటే: నిఘంటువు ముట్టకుండా ఇంగ్లీషు నవల చదవాలి. చైనాలో మాటలు నేర్చుకోవడాన్ని ‘బెయ్ దాన్‌త్స’ అంటారు. బెయ్ అంటే వల్లె వేయడం. అదే అక్షరానికి వీపు అనే అర్థమూ ఉంది. పుస్తకానికి వీపు తిప్పి అప్పజెప్పడం అన్నమాట. అక్షరక్రమంలో ఉండే ఆ జాబితాల్లో దాదాపు మొదటే తగిలే మాట ‘అబాండన్’, అంటే వదిలేయడం. అందుకే ప్రతి విద్యార్థికీ అబాండన్ ఒక్కటే బాగా వచ్చని, అక్కడితోనే పుస్తకాన్ని వదిలేస్తాడని అక్కడ పాత జోకు.

మొదటి ఆదివారం, తనకు వచ్చునన్న 50 మాటలు రాయించాను. 44కు చైనీసు అర్థం టకటకా చెప్పాడు. వాటితో వాక్యాలు రాయమంటే సరిగ్గా వచ్చినవి 17. మా బడి అసలు పని ఆ 27 మాటల తేడాలోనే ఉంది.

ముందు కార్డులు మార్చాం. అతను వాడేది ఆంకీ, గుర్తు కార్డుల యాప్. ఒకవైపు ఇంగ్లీషు మాట, రెండోవైపు రెండక్షరాల చైనీసు అర్థం, రోజుకు 50 కొత్తవి. నేర్చుకున్నది ఎంత త్వరగా మరిచిపోతామో చూపే మరపు రేఖ గీసిన జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ పేరు (ఆయన పుస్తకం 1885 నాటిది) చైనాలో బడిపిల్లలకు కూడా తెలుసట. ఆ రేఖ మీద నమ్మకంతో అతను రోజుకు గంటన్నర మీటలు నొక్కుతూ కూర్చునేవాడు. ఇప్పుడు రోజుకు నాలుగే కొత్త మాటలు. ముందువైపు ఒక వాక్యం, మాట ఉండాల్సిన చోట ఖాళీ, మొదటి అక్షరం మాత్రమే. వెనకవైపు ఆ మాటతో కలిసి తిరిగే మూడు మాటలు. చైనీసు అర్థం అట్టడుగున, చిన్న అక్షరాల్లో. వాక్యం నిఘంటువులోది కాదు, అతను చదువుతున్న నవలలోదే అయి ఉండాలి.

ఎనిమిదిసార్లు తప్పిన కార్డుకు ఆంకీ ‘జలగ’ అని పేరుపెట్టి పక్కన పడేస్తుంది. పేరు భలే కుదిరింది, రక్తం తాగేవి అవే. జూన్ నాటికి 41 జలగలు చేరాయి. వరసగా పరిచి చూస్తే సగానికి పైగా కవలలు: అడాప్ట్, అడాప్ట్, అడెప్ట్. (తెలుగులో రాస్తే మొదటి రెంటికీ తేడా కూడా కనబడదు. మార్చుకోవడం ఒకటి, దత్తత తీసుకోవడం ఇంకొకటి.) కవలల్ని ఒకే రోజు పక్కపక్కన పెట్టి పోల్చుకుంటే తేడా తెలుస్తుందనుకున్నాం. తెలియకపోగా రెండూ కలగాపులగమయ్యాయి. ఇప్పుడు ఒకదాన్ని నిద్రపుచ్చి, రెండోది నెలరోజులు తప్పకుండా వచ్చాకే మొదటిదాన్ని లేపుతున్నాం. జలగలు 23కు తగ్గాయి.

మే నెలలో తన తాతగారి గురించి అరపేజీ రాసుకొచ్చాడు. మొదటి వాక్యంలోనే ‘పెజెంట్’. చైనీసులో నోంగ్‌మిన్ అంటే వ్యవసాయం చేసుకునే మనిషి, అందులో చిన్నచూపేమీ లేదు. అతని జాబితాలో ఆ మాట ఎదుట పెజెంట్ అని ఉంది, అదే వేశాడు. నేటి ఇంగ్లీషులో ఎవరినైనా అలా అంటే మొరటువాడని తీసిపారేసినట్టు వినబడుతుంది. ఫార్మర్ అని దిద్దాను. దిద్దినందుకు కాదు, తాతను అంత మాట అన్నానా అని నొచ్చుకున్నాడు. ‘అంబిషన్’ది ఇంకో గొడవ. చైనీసులో మంచి ఆశయం ష్యోంగ్‌షిన్, అధికారం మీద దురాశ యెషిన్. ఇంగ్లీషు మాట ఒక్కటే రెండు వైపులా తిరుగుతుంది, ఏ వైపో పక్క మాట చెప్పాలి. ఇలాంటి వాటికి కార్డు మూలన కూడిక గుర్తో తీసివేత గుర్తో పెడుతున్నాం. రెండూ పెట్టాల్సి వచ్చినవే ఎక్కువ.

అన్నిటికంటే నాకు నచ్చిన రోజు ఏప్రిల్‌లో వచ్చింది. ‘కేనైన్’ (కుక్కకు సంబంధించిన) అన్న మాట దగ్గర ఇరుక్కున్నాం. డాగ్ ఉండగా ఇదెందుకని అతని ప్రశ్న. న్యాయమే. చైనీసులో పంది జూ. పందిమాంసం, పందిపిల్ల, అడవిపంది అన్నిటికీ ఆ జూకే ముందో వెనకో ఒక మాట తగిలిస్తే చాలు. ఇంగ్లీషులో చాలావాటికి వేరే మాట. న్యుమోనియాను వాళ్లు ఫెయ్‌యెన్ అంటారు, ఊపిరితిత్తుల వాపు అని అందులోనే ఉంది. అలాంటి భాషలోంచి వచ్చినవాడికి పెద్ద ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటీ తాళం వేసిన పెట్టెలా ఉంటాయి.

నేను తెలుగు చెప్పాను. ఇంట్లో ఉంటాం, కానీ చేసేది గృహప్రవేశం. గుర్రం ఎక్కుతాం, కానీ ఇంజనుకు ఉండేది అశ్వశక్తి. కింది పొర ఇంటి భాషది, పై పొర సంస్కృతానిది. ఇంగ్లీషుకు ఆ పై పొర లాటిన్, గ్రీకు. అతను టీ చల్లారేదాకా ఆలోచించి, మాకూ ఉందన్నాడు. వీధికుక్క గోవ్ (మన గోవుకూ దీనికీ చుట్టరికం లేదు), పోలీసు కుక్క మాత్రం జింగ్‌ఛ్వెన్. ఛ్వెన్ అన్నది కుక్కకు పాత సాహిత్యభాషలో మాట. ఆ వెంటనే తన పన్ను చూపించి ‘ఛ్వెన్‌ఛ్’ అన్నాడు, అంటే కుక్కపన్ను. మన కోరపన్ను. ఇంగ్లీషులో దాని పేరు కేనైనే! పక్క బల్ల దగ్గర నూడిల్స్ తింటున్న పెద్దాయన, ఇద్దరు పెద్దమనుషులు నోరు తెరిచి ఒకరికొకరు కోరలు చూపించుకోవడం చూసి కుర్చీ కాస్త దూరం జరుపుకున్నాడు.

ఆ రోజు నుంచి నోటుపుస్తకంలో మూడు గడులు: ఇంటి మాట, దర్జా మాట, చైనీసు జత. కంటికి ఐ, ఆక్యులర్. ఎదుట యెన్, ము. ఇలా 61 జతలు కుదిరాయి. వాటిలో జలగగా మారినవి నాలుగే. కుదరనివి కోకొల్లలు, వాటికోసం వెతుక్కోవడం మానేశాం.

లాటిన్ ధాతువుల్ని తమ లిపిలోని ముక్కల్లా చూడడం అతనికి సులువే. నీటి గుర్తు కనబడితే నదో, సరస్సో, కన్నీరో అని ఊహించే అలవాటు ఉంది కదా. మోసపోయేదీ అక్కడే. పెడెస్ట్రియన్‌లో పాదం ఉందని నేర్చుకుని, పీడియాట్రిక్స్‌ను కాళ్ల వైద్యం అన్నాడు. అది గ్రీకు నుంచి వచ్చిన మాట, అక్కడ ఉన్నది పిల్లవాడు.

ఇద్దరం కలిసి మునిగిన చోట్లూ ఉన్నాయి. వాన పెద్దదైతే చైనీసులో దా యూ, పెద్ద వాన. మనకూ అంతే. ఇంగ్లీషులో అది బరువు వాన. వాళ్ల టీ నోంగ్, అంటే చిక్కన. మన టీ కూడా చిక్కనే. ఇంగ్లీషుకు అది బలమైన టీ. ఈ దుకాణంలో ఆ చిక్కు లేదు, కోపీ గావ్ అంటే చిక్కటి కాఫీ వచ్చేస్తుంది. ఇక ద్రాక్షతీగ, ద్రాక్షసారా రెండూ ఇద్దరి నోటా ఒకే ‘వైన్’. మాకు వ ఒక్కటే, వాళ్లకు మొదటి వైన్‌లోని వ లేదు. ఫోనులో రికార్డు చేసుకుని విన్నాం, నవ్వుకుని తుడిచేశాం. దీనికి నా దగ్గర మందు లేదు.

ఇవాళ్టికి లెక్క: పుస్తకంలో 640 మాటలు. అడగకుండా తన రాతలో వాడినవి 212. నవలలో పేజీకి తెలియని మాటలు ఫిబ్రవరిలో 19, ఇప్పుడు 8. హాయిగా చదవాలంటే నూటికి 98 మాటలు తెలియాలని, అందుకు 8,000 నుంచి 9,000 పదకుటుంబాలు (ఒక మాట, దాని రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం) కావాలని న్యూజిలాండ్ భాషావేత్త పాల్ నేషన్ 2006లో అంచనా కట్టారు. అతని నవలలో పేజీకి సుమారు 300 మాటలు, అంటే ఆరు దాకా తెలియకపోయినా ఫరవాలేదు. ఇంకా రెండు తగ్గాలి.

నా చైనీసు సంగతి అడగకండి. 140 అక్షరాల దగ్గర ఆగాను. నిన్న గురువుగారు పది కొత్త మాటలు చేత్తో రాసి ఇచ్చారు. మొదటిది ‘ఫాంగ్‌ఛీ’. ఇంటికొచ్చి నిఘంటువు తీస్తే, అబాండన్.