డైకోకులో చూసిన పారదర్శక మూత

కార్ల అభిమానులు తమ బండ్లతో చేరే, యోకోహామా దగ్గరి డైకోకు పార్కింగ్ ఏరియాకు రైలు లేదు, నడిచి వెళ్లే దారీ లేదు. ఎక్స్‌ప్రెస్‌వే మీద కారులో వెళ్లి, మెలికలు తిరిగిన ర్యాంపు మీదుగా కిందికి దిగవలసిందే. అందుకే టోక్యోలోని నిషి కసాయ్‌లో ఉంటూ కూడా చాలాకాలం ఆ చోటు చూడలేకపోయాను. చివరికి కారున్న మిత్రుడొకరు ఆదివారం ఉదయం తీసుకువెళ్లారు. బేషోర్ మార్గంలో హనేడా విమానాశ్రయం దాటి, త్సురుమి త్సుబాసా వంతెన ఎక్కేదాకా నా మనసంతా టోలు మీదే ఉంది. రానుపోను టోలుకు పెట్రోలు కలిపితే యోకోహామాకు రైల్లో వెళ్లిరావడం ఎంతో చౌక. జపాన్‌లో కారు నడపడం ఖర్చుతో కూడిన సరదా అని మిత్రుడు దారి పొడుగునా చెబుతూనే ఉన్నారు.

అక్కడ వరుసగా నిలిపి ఉన్న కార్లలో నన్ను కట్టిపడేసినది ఒక్కటే. అది బూడిదరంగు నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, ఆర్32 తరం. 1990 నుంచి 1993 వరకు జపాన్ టూరింగ్ కార్ల పోటీల్లో వరుసగా 29 పందేలు గెలిచిన కారు ఇదే. బానెట్ ఎత్తి ఉంది. ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు ఉన్న ఆర్‌బీ26 ఇంజన్ ముందు భాగంలో, కంపెనీ నల్ల మూత ఉండవలసిన చోట ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ మూత కనిపించింది. దాని వెనుక, వాల్వులను తెరిచే క్యామ్ ఇరుసులకు బిగించిన నీలిరంగు పుల్లీలు రెండు, వాటిని చుట్టుకుని, క్రాంక్ తిరుగుడును వాటికి అందించే పళ్లున్న టైమింగ్ బెల్టు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

నా ఆసక్తి గమనించి యజమాని దగ్గరికి వచ్చారు. నడివయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. నాకు అర్థం కాని మాటలను మిత్రుడు తెలుగులో చెప్పారు. అక్కడ ఇంజన్ ఊరికే నడుపుతూ ఉంచకూడదు కాబట్టి ఆయన కొద్దిసేపే స్టార్టు చేసి చూపించారు. ఐడిల్‌లో, అంటే బండి కదలకుండా ఇంజన్ మాత్రం నడుస్తున్నప్పుడు, పిస్టన్లు తిప్పే ఇరుసు అయిన క్రాంక్ నిమిషానికి సుమారు వెయ్యి చుట్లు తిరుగుతుంటే, క్యామ్‌లు అందులో సగం వేగంతో తిరుగుతాయి. పుల్లీల ఆకులు కలిసిపోయి నీలి వలయాలుగా మారాయి. వాటి మధ్య బెల్టు మాత్రం ఏ వణుకూ లేకుండా సాగిపోతోంది. ఇంజనీరింగ్ పుస్తకాల్లో గీతలుగా చదువుకున్న ఆ సగం వేగాన్ని కళ్లెదుట చూడటం నాకు అదే మొదటిసారి, ఆ ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

ఇలాంటి మూత అందం కోసమేనని అనుకునేవారికి ఆయన చెప్పిన విషయాలు వినిపించాలి. టైమింగ్ బెల్టు నూనె తగలకుండా పొడిగా తిరుగుతుంది కాబట్టే ఇక్కడ పారదర్శక మూత పనికొస్తుంది. అదే పైనున్న వాల్వ్ కవరుకు పెడితే లోపల చిందే నూనె పొరకట్టి ఏమీ కనిపించదు. మూతకు ఆయన వాడినది పాలీకార్బొనేట్. అక్రిలిక్ 100 డిగ్రీల సెల్సియస్ దాటగానే మెత్తబడటం మొదలవుతుంది. పాలీకార్బొనేట్ సుమారు 145 దాకా ఓర్చుకుంటుంది, దెబ్బ తగిలినా అంత తేలికగా పగలదు. అయితే దానిపై గీతలు సులువుగా పడతాయి. పెట్రోలు, బ్రేక్ క్లీనర్ వంటివి తగిలితే సన్నని పగుళ్లు వస్తాయి. అందుకని ఆయన సబ్బునీళ్లు, మెత్తని గుడ్డ తప్ప ఇంకేదీ దాన్ని తాకనివ్వరు.

నాకు అన్నిటికంటే నచ్చినది బోల్టుల పని. వేడికి ఈ ప్లాస్టిక్ అల్యూమినియం కంటే దాదాపు మూడు రెట్లు వ్యాకోచిస్తుంది. రంధ్రాలు బోల్టు మందానికి సరిగ్గా ఉంటే మూత సాగడానికి చోటు లేక మూలల దగ్గర చీలుతుంది. ఆయన రంధ్రాలను కాస్త పెద్దవిగా తొలిచి, రబ్బరు వాషర్లు వేసి, బోల్టులను మితంగా బిగించారు. పైగా కింది సగానికి కంపెనీ నల్ల మూతనే ఉంచారు; రాళ్లు, నీళ్లు ఎగిరివచ్చేది కింది నుంచే గదా! చూపు కోసం రక్షణను వదులుకోని ఆ జాగ్రత్తకు నేను మనసారా నమస్కరించాను.

తిరుగు దారిలో మాకు విజయవాడ ఆటోనగర్ గుర్తుకొచ్చింది. అక్కడ బెల్టు మార్చిన తరువాత విరిగిన మూతను పక్కన పడేసి, బెల్టును బట్టబయలుగా వదిలేసిన బండ్లను నేను చిన్నప్పుడు చూశాను. మన దుమ్ములో ఒక ఇసుకరాయి పుల్లీకి, బెల్టుకు మధ్య పడితే చాలు, పళ్లు దెబ్బతింటాయి; బెల్టు పళ్లు జారితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి మొత్తం ఇంజనే విప్పవలసి వస్తుంది. విజయవాడలో మిత్రుడి నాన్నగారి మారుతి 800 ఇప్పటికీ నడుస్తోంది, దానిలోనూ టైమింగ్ బెల్టే. సెలవుల్లో వెళ్లినప్పుడు దానికి పారదర్శక మూత చేయించాలని మిత్రుడు తిరుగు దారిలో కారులోనే నిర్ణయించుకున్నారు. అంచు చుట్టూ దుమ్ము చొరబడని రబ్బరు పట్టీ లేకుండా ఆ పని మొదలుపెట్టవద్దని, ముందుగా పాత మూతను అచ్చుగా పెట్టుకుని అట్టముక్కతో నమూనా కోయించమని నేను గట్టిగా చెప్పాను.