డిసెంబరు 1 ర్యాలీ సరే, క్లాసులో ఏం చెబుతున్నారు?

డిసెంబరు 1, ప్రపంచ ఎయిడ్స్ దినం వస్తోందంటే మన కాలేజీల్లో హడావిడి ఒక్కలాగే ఉంటుంది. ఎర్ర రిబ్బన్ బ్యాడ్జీలు, ఓ ఫ్లెక్సీ, ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలతో విజయవాడలో అయితే బెంజి సర్కిల్ దాకా, గుంటూరులో అయితే లాడ్జి సెంటర్ దాకా ర్యాలీ, ఫొటో, టిఫిను. వద్దనను. కానీ అందులో నడిచిన కుర్రాణ్ణి మర్నాడు పక్కకు పిలిచి, ‘కండోమ్ చిరిగిపోయింది, ఇప్పుడేం చెయ్యాలి?’ అని అడగండి. నీళ్లు నములుతాడు. ఆంధ్రప్రదేశ్‌లో హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల శాతం దేశ సగటుకు దాదాపు మూడు రెట్లు. ఇక్కడి పిల్లలకు ఆ జవాబు తెలియకపోతే ఎలా?

విద్యార్థి బుర్రలో నిలవాల్సినవి 72 గంటలు, 3 నెలలు, హెల్ప్‌లైన్ నంబరు 1097. కాలేజీల్లో ఎయిడ్స్ అవగాహన కోసం ఉండే రెడ్ రిబ్బన్ క్లబ్బులు నడిపే లెక్చరర్లు మిగతాదంతా వీటి చుట్టూ అల్లుకుంటే చాలు.

ముందు 72 గంటల సంగతి. కండోమ్ చిరిగినా, అసలు వాడకపోయినా, వేరేవాళ్లు వాడిన సిరంజితో ఎక్కించుకున్నా, అత్యాచారం జరిగినా హెచ్‌ఐవీ అంటకుండా ఆపే మందులు ఉన్నాయి. వాటిని పెప్ అంటారు. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిపిన ఒకే మాత్ర, రోజుకొకటి చొప్పున 28 రోజులు. మొదటి మాత్ర ఎంత తొందరగా పడితే అంత మంచిది, వీలైతే రెండు గంటల్లోపే. 72 గంటలు దాటితే ఇవ్వరు. వైరస్ ఒకసారి మన కణాల డీఎన్‌ఏలో కలిసిపోయి కూర్చుంటే ఈ మందులు దాన్ని బయటికి లాగలేవు. కాబట్టి ‘సోమవారం వెళ్దాంలే’ అనుకోకూడదు. ఆదివారం అర్ధరాత్రయినా జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) క్యాజువాలిటీకి వెళ్లి డ్యూటీ డాక్టరును అడగాలి.

ఇక్కడ అమ్మాయిలు ఎక్కువగా పొరబడే విషయం ఒకటుంది. ఐ-పిల్‌కు కూడా 72 గంటలే గడువు కావడంతో రెండూ కలగాపులగమవుతాయి. ఐ-పిల్ గర్భం రాకుండా చూస్తుంది, అంతే. హెచ్‌ఐవీకి దానితో సంబంధం లేదు. ఈ ముక్క బోర్డు మీద రాసి మరీ చెప్పండి.

పెప్ మధ్యలో దెబ్బతినేది ఎక్కువగా రెండు కారణాల వల్ల. కాస్త వికారంగా ఉందని పదో రోజుకో పదిహేనో రోజుకో మానేస్తారు. లేదా గ్యాసు మందు, ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర దాంతో కలిపి మింగేస్తారు. అవి డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. పెప్ మాత్ర వేసుకున్న రెండు గంటలకు అవి వేసుకోవచ్చు. అవే ముందు వేసుకుంటే ఆరు గంటలు ఆగాలి.

మెడికల్, నర్సింగ్ విద్యార్థులకు దీన్ని విడిగా చెప్పాలి. సూది గుచ్చుకోగానే వేలు నోట్లో పెట్టుకోవడం, పిండి రక్తం తీయడం, స్పిరిట్ పొయ్యడం చేస్తుంటారు. ఏదీ చెయ్యకూడదు. కుళాయి కింద పెట్టి సబ్బుతో కడగాలి, వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పి పెప్ అడగాలి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు గుచ్చిన సూది దెబ్బతో అది అంటుకునే అవకాశం సుమారు 0.23 శాతమే. హెపటైటిస్-బి అంతకంటే చాలా సులువుగా అంటుతుంది, దానికి టీకా ఉంది. మొదటి ఏడాదిలోనే మూడు డోసులూ వేయించుకోమనండి.

ఇప్పుడు 3 నెలలు. ఐసీటీసీలో, అంటే సర్కారు హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రంలో, ముందుగా వాడే ర్యాపిడ్ కిట్ చూసేది వైరస్‌ను కాదు, దానికి మన ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలను. అవి తయారు కావడానికి టైము పడుతుంది. మూడో రోజు పరీక్ష చేయించుకుని నెగెటివ్ వచ్చిందని ఊపిరి పీల్చుకుంటే ఆ రిపోర్టు చెప్పేది పాత సంగతే. యాంటీబాడీలతో పాటు వైరస్ భాగాన్నీ పట్టే, ల్యాబులో చేసే నాలుగో తరం పరీక్ష 45 రోజులకు దాదాపు తేల్చేస్తుంది. ర్యాపిడ్ కిట్ అయితే మూడు నెలలకు మళ్లీ చేయించుకోవాలి. పాజిటివ్ కూడా ఒక్క కిట్‌తో చెప్పరు. వేర్వేరు రకాల మూడు కిట్లలో మూడూ పాజిటివ్ వస్తేనే ఖాయం చేస్తారు.

దీని వల్ల వచ్చే ముప్పొకటి మన ఊళ్లలో ఎవరూ పట్టించుకోవడం లేదు. హీరో పుట్టినరోజుకు కాలేజీ గేటు ముందు రక్తదాన శిబిరం పెడతారు. ‘ఎలాగూ టెస్టులు చేస్తారు కదా, మనకుంటే తెలిసిపోతుంది’ అని లోపల అనుమానం ఉన్నవాడే వరసలో నిలబడతాడు. అతను ఆ మొదటి వారాల్లోనే ఉంటే పరీక్షకు దొరక్కపోవచ్చు, ఆ సీసా తలసీమియా ఉన్న ఏ పిల్లాడికో ఎక్కవచ్చు. పరీక్ష కావాలంటే ఐసీటీసీకి వెళ్లాలి, శిబిరానికి కాదు. శిబిరం పెట్టే యూనియన్ వాళ్లు ఈ మాట మైకులో చెబితే బాగుంటుంది.

ఐసీటీసీలో జరిగేదీ ముందే చెప్పాలి, భయం సగం అక్కడే. ముందు కౌన్సెలర్ తలుపేసి మాట్లాడతారు, ఒప్పుకుంటేనే రక్తం తీస్తారు, మళ్లీ కౌన్సెలరే ఫలితం చెబుతారు. పైసా కట్టక్కర్లేదు. 18 ఏళ్లు నిండనివాళ్లకు తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకోవాలి. డిగ్రీ మొదటి ఏడాదిలో ఆ వయసువాళ్లు ఉంటారు కాబట్టి దీన్ని దాటెయ్యకండి. గుంటూరులో తెలిసినవాళ్లు కనబడతారని జంకైతే తెనాలి వెళ్లినా, ఏలూరు వెళ్లినా ‘మీది ఈ ఊరు కాదు’ అని పంపించరు. దగ్గర్లో ఎక్కడుందో 1097కి ఫోన్ చేస్తే చెబుతారు, కాల్ ఉచితం.

క్లాసులో ఆడించడానికి ఒక మంచి ఆట ఉంది. కెమిస్ట్రీ ల్యాబు ఉంటే చాలు. 32 గ్లాసుల్లో మూడో వంతు దాకా క్యాను నీళ్లు పొయ్యండి. ఒకదాంట్లో మాత్రం పావు చెంచా వాషింగ్ సోడా కరిగించండి. చూపుకు అన్నీ ఒక్కటే. ఒక్కొక్కరు మూడు విడతల్లో ముగ్గురితో నీళ్లు మార్చుకోవాలి, అంటే ఇద్దరి నీళ్లూ ఒకే గ్లాసులో పోసి చెరిసగం పంచుకోవాలి. ఆఖర్న ప్రతి గ్లాసులో రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ వేస్తే, ఒక గ్లాసుతో మొదలైంది ఎనిమిది గ్లాసుల దాకా గులాబీ రంగై తేలుతుంది. ఐదారుగురికి గ్లాసు మీద ప్లాస్టిక్ కవరు బిగించి రబ్బరు బ్యాండు వేసి ఇవ్వండి. వాళ్లు గ్లాసులు తాకిస్తారు గానీ నీళ్లు కలవవు, రంగు మారదు. కండోమ్ గురించి వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

ఆట ఎక్కడ చెడుతుందంటే, వాషింగ్ సోడా బదులు వంటసోడా తెస్తారు. దానికి రంగు సరిగా రాదు, అందరూ నవ్వి వెళ్లిపోతారు. బోరు నీళ్లు వాడితే ఒక్కోచోట సోడా వెయ్యని గ్లాసుకూ లేత రంగు రావచ్చు, ముందే ఒక చుక్క వేసి చూసుకోండి. ఆ నీళ్లు ఎవరూ తాగకుండా చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, గ్లాసులకు పేర్లు, నంబర్లు వద్దు. అన్నీ బల్ల మీద కలిపేశాకే చుక్కలు వెయ్యండి. లేకపోతే గులాబీ గ్లాసు పట్టుకున్న పిల్లను ఏడాదంతా ఏడిపిస్తారు. ఆటలో కలిసిన ప్రతిసారీ అంటుతుంది, నిజంలో అలా కాదని కూడా చెప్పాలి. హెచ్‌ఐవీ ఉండి మందులు వాడని మగవాడి నుంచి ఆడమనిషికి ఒక్కసారి కలయికతో అంటుకునేది సగటున 10,000కు 8 సార్లు. మలద్వారం ద్వారా అయితే తీసుకునేవాళ్లకు 138, సిరంజి పంచుకుంటే 63. ఒంటి మీద సుఖవ్యాధి పుండ్లు ఉన్నా, ఎదుటివాళ్లకు కొత్తగా సోకి ఉన్నా ఆ సగటు ఎక్కడికో పోతుంది. కాబట్టి 8 అంటే తక్కువే కదా అని లెక్కలేసుకోకూడదు. మగవాళ్లతో కలిసే మగపిల్లలూ మీ క్లాసులో ఉంటారు. ఆ 138 అంకె ముఖ్యంగా వాళ్లకోసం, గొంతు తగ్గించకుండా చెప్పండి. ముప్పు తరచూ ఉండేవాళ్లకు ముందుగానే వేసుకునే ప్రెప్ మాత్రలు ఉన్నాయి. హెచ్‌ఐవీ, కిడ్నీ పరీక్షలు చేశాక డాక్టరు రాస్తారు.

కండోమ్ వాడకం చెక్క నమూనా మీద చేసి చూపించాలి, మాటలతో కుదరదు. ప్యాకెట్ నొక్కితే లోపల గాలి తెలియాలి. పళ్లతో చింపొద్దు. కొస నొక్కి గాలి తీసి తొడగాలి, మధ్యలో కాదు, మొదటే. అయిపోయాక అంగం మెత్తబడకముందే అంచు పట్టుకుని బయటికి తియ్యాలి. కొబ్బరినూనె, వ్యాజిలిన్ రాస్తే లేటెక్స్ నిమిషాల్లో బలహీనపడుతుంది, నీటి ఆధారిత జెల్ మాత్రమే వాడాలి. జీన్సు వెనక జేబు పర్సులో నెలల తరబడి నలిగినదాన్ని నమ్మొద్దు. రెండు తొడిగితే రెట్టింపు రక్షణ అనుకుంటారు, ఒకదానికొకటి రాసుకుని చిరగొచ్చు.

దోమలు, ముద్దు, ఒకే బాత్రూమ్ గురించి ప్రశ్నలు ఎలాగూ వస్తాయి. మూడిటితోనూ రాదు. ప్రశ్నలు చీటీల మీద తీసుకోండి. ఏమీ లేనివాళ్లు కూడా ‘ఏమీ లేదు’ అని రాసి వెయ్యాలి, అప్పుడు ఎవరు రాస్తున్నారో పక్కవాడికి అంతుపట్టదు. మిగతా లెక్చరర్లు వెనక బెంచీలో కూర్చోవద్దు.

ఎముకల గూళ్ల ఫొటోలు, ‘ఎయిడ్స్ వస్తే చావే’ అనే స్లైడ్లు తీసిపారెయ్యండి. పుట్టుకతో హెచ్‌ఐవీ వచ్చి, మందులతో పెరిగి పెద్దయిన పిల్లలు ఇప్పుడు కాలేజీ వయసులో ఉన్నారు. మీ హాల్లోనూ ఒకరు ఉండొచ్చు, రాత్రి హాస్టల్లో మాత్ర డబ్బా లేబుల్ చింపేసి వాడుకుంటూ. రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గి, అలాగే ఉన్నవాళ్ల నుంచి శృంగారం ద్వారా ఎవరికీ అంటదు. ఇది తెలిస్తే పరీక్షకు వెళ్లడానికి ధైర్యం వస్తుంది, చావు బొమ్మ చూస్తే వచ్చేది కాదు. ఇక అడ్మిషన్‌కు హెచ్‌ఐవీ పరీక్ష అడగడం 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం నేరుగా నిషేధం. అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఆ ముక్క ప్రిన్సిపాల్ గారి చెవిన కూడా వెయ్యండి.

పోస్టరు నోటీసు బోర్డులో అంటించొద్దు. నలుగురి ముందు నిలబడి నంబరు రాసుకునేవాళ్లు ఉండరు. హాస్టల్ బాత్రూమ్ తలుపులకు లోపలివైపు, కళ్లకు ఎదురుగా అరచేయంత స్టిక్కరు చాలు: ‘72 గంటల్లో జీజీహెచ్. 3 నెలలకు మళ్లీ పరీక్ష. 1097.’ తడికి ఊడిపోకుండా పైన సెల్లో టేపు వేసి, సెమిస్టరుకోసారి మార్చండి.