చిన్న సంప్‌లో అన్నీ ఇమిడేలా చేసుకున్న తీరు

నా ఉప్పునీటి అక్వేరియం పైభాగం 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు. పైట్యాంకు నీళ్లు దిగి, శుభ్రమై, మళ్లీ పైకి వెళ్లే కింది తొట్టినే సంప్ అంటారు. స్టాండ్‌లో సంప్‌గా పెట్టుకోగలిగిన గాజు తొట్టి 45 పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు. అంతకన్నా పెద్దది పట్టదు. అందులోనే ఫిల్టర్ సాక్ (చెత్తను వడకట్టే గుడ్డ సంచి), ప్రోటీన్ స్కిమ్మర్ (నురగతో వ్యర్థాలు తీసే పరికరం), హీటర్, నీళ్లను మళ్లీ పైకి పంపే రిటర్న్ పంప్ అన్నీ ఉండాలి. కొలతలు వేసుకోవడం మొదలుపెట్టాక ఒక విషయం స్పష్టమైంది. చిన్న సంప్‌లో అడుగున చోటు చాలడం ఒక ఎత్తయితే, నీటి మట్టం కుదరడం మరో ఎత్తు. ఆ మట్టం ముందు తేలితే మిగతావన్నీ దాన్నిబట్టి సర్దుకుంటాయి.

మట్టాన్ని తేల్చేది స్కిమ్మర్. సన్నని గాలి బుడగలకు అంటుకున్న వ్యర్థాలు నురగగా పైకి వచ్చి కప్పులో పడాలి. నీళ్లు తక్కువైతే నురగ కప్పు దాకా రాదు, ఎక్కువైతే పల్చటి నీళ్లే కప్పు నింపేస్తాయి. సంప్‌లో పెట్టే స్కిమ్మర్లు చాలావరకు 15 నుంచి 23 సెంటీమీటర్ల లోతు అడుగుతాయి. నేను ఎంచుకున్నదానికి 18 సరిపోతుంది. దాని అడుగుభాగం ఎంతో చూడటంతో పని అయిపోదు. కప్పు కడగాలంటే పైకి లాగి తీయాలి, దానికి స్టాండ్ పైకప్పు కింద ఖాళీ కావాలి. స్టాండ్ తలుపు సందులోంచి సంప్ లోపలికి వెళ్తుందా అన్నదీ ముందే చూసుకోవాలి. అందుకే ప్రతి పరికరం కొలతకూ అట్టపెట్టె చేసి, సంప్ కొలతకు ఇంకో అట్టపెట్టె చేసి, స్టాండ్‌లో అటూ ఇటూ మార్చి పెట్టి చూశాను. చెయ్యి లోపలికి పోతుందా, పంప్ బయటికి తీయొచ్చా, అన్నీ అట్టతోనే తేలిపోయాయి. ఈ పనికి పెట్టిన సమయం ఒక్క నిమిషం కూడా వృథా కాలేదు.

మొదట సాక్‌కు ఒక అర, స్కిమ్మర్‌కు ఒక అర, బుడగలు ఆపడానికి మూడు పలకలు, చివర పంప్ అర అనుకున్నాను. అట్టతో చూస్తే అందులో సగం పలకలకూ సందులకే పోతోంది. దాంతో సాక్‌నూ స్కిమ్మర్‌నూ ఒకే అరలో కలిపేశాను. 26 సెంటీమీటర్ల పొడవున్న ఆ అరలో ఒక మూల నాలుగు అంగుళాల సాక్ బ్రాకెట్‌కు వేలాడుతుంది, పక్కనే స్కిమ్మర్ నిలబడుతుంది. హీటర్ కూడా అక్కడే అడ్డంగా పడుకుంటుంది, ఎందుకంటే ఆ అరలో మట్టం ఎప్పుడూ తగ్గదు. నీళ్లు పడిపోయి హీటర్ గాలిలో కాలడం కంటే పెద్ద ప్రమాదం ఈ పెట్టెలో ఇంకొకటి లేదు.

పలకలు రెండే పెట్టాను. మొదటిదాని కింద నుంచి, రెండోదాని మీద నుంచి నీళ్లు పోతాయి, మధ్యలో రెండున్నర సెంటీమీటర్ల సందు. రెండో పలక ఎత్తే స్కిమ్మర్ అరలో మట్టాన్ని నిలబెడుతుంది. నీళ్లు పలక అంచు మీద కాస్త మందంగా పారతాయి కాబట్టి 18 రావాలంటే పలక 17 ఉంటే చాలు. బుడగలు పంప్ దాకా రాకుండా స్కిమ్మర్ నీళ్లు వదిలే మూతిని పలకలకు వ్యతిరేక దిక్కుకు తిప్పాను. తొట్టి గాజుది కాబట్టి పలకలకూ గాజే వాడాను, యాక్రిలిక్‌కు సిలికాన్ గట్టిగా పట్టదు. బూజు నిరోధించే మందులు కలపని సిలికానే తీసుకోవాలి. అంటించాక వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా నీళ్లు పోయలేదు.

నాకు అసలు టెన్షన్ పెట్టింది కరెంటు పోతే ఏమవుతుందన్న లెక్క. పంప్ ఆగగానే పైట్యాంకు నీళ్లు రిటర్న్ పైపు గుండా వెనక్కి వస్తాయి, పైపు మూతి గాలి పీల్చేదాకా ఆగవు. 60, 40 కొలతల ట్యాంకులో ఒక సెంటీమీటరు మట్టం అంటే 2.4 లీటర్లు. మూతి నాలుగు సెంటీమీటర్ల లోతులో ఉంటే 9.6 లీటర్లు దిగుతాయి. పైట్యాంకు నీళ్లు కిందికి దిగే ఓవర్‌ఫ్లో బాక్సులోవీ పైపుల్లోవీ కలిపితే 11 అనుకోవచ్చు. నా సంప్‌లో ఒక సెంటీమీటరుకు పట్టేది దాదాపు 1.3 లీటర్లే, అంటే మట్టం ఎనిమిదిన్నర పెరుగుతుంది. పొంగదు గానీ అంచుకు మరీ దగ్గర. అందుకని మూతిని పైకి జరిపి ఒకటిన్నర సెంటీమీటర్ల లోతులో పెట్టాను. ఇప్పుడు పెరిగేది నాలుగే. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ పెడితే సరిపోదా అని అడిగేవాళ్లుంటారు. ఉప్పునీటిలో సున్నపు పెచ్చులు, చిన్న చిన్న జీవాలు అందులో చేరి మూత సరిగా పడనివ్వవు. దాన్ని నమ్ముకుని లెక్క తగ్గించుకోవడం నాకు ఇష్టం లేదు.

కరెంటు వచ్చినప్పుడు ఇంకో చిక్కుంది. సంప్‌లో మట్టం ఇంకా ఎక్కువగా ఉండగానే స్కిమ్మర్ మొదలైతే కప్పు ఒక్కసారిగా నిండిపోతుంది. దానికి కొన్ని నిమిషాలు ఆలస్యంగా ఆన్ అయ్యే ప్లగ్ పెట్టాను.

ఆవిరైన నీళ్ల లోటంతా పంప్ అరలోనే కనిపిస్తుంది. అది 14.5 పొడవు, 30 వెడల్పు. ఒక లీటరు ఆవిరైతే అక్కడ మట్టం రెండు సెంటీమీటర్లకు పైగా పడుతుంది. చిన్న సంప్‌లో ఆటో టాప్ ఆఫ్ (ఆవిరైన నీళ్లను తనంతట తానే నింపే పరికరం) విలాసం కాదని నేను గట్టిగా నమ్ముతాను. అది పోసేది మంచినీళ్లే, ఆర్‌ఓ డీఐ నీళ్లు, అంటే వడకట్టి లవణాలు తీసేసినవి. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి ఉప్పునీళ్లు పోస్తూ పోతే లవణీయత పెరిగిపోతుంది. సాంద్రత 1.025, 1.026 మధ్య నిలవాలి. టాప్ ఆఫ్ గొట్టం కొస నీళ్ల డబ్బాలోని మట్టానికి పైన ఉండాలి, లేకపోతే పంప్ ఆగినా సైఫన్ ఆగదు, నీళ్లు గొట్టం వెంట వాటంతటవే దిగుతూనే ఉంటాయి.

రెఫ్యూజియం (పాచి పెంచే అర), మీడియా రియాక్టర్ (నీళ్లను శుద్ధిచేసే గుళికలు నింపిన గొట్టం) రెండూ వదిలేశాను. రెఫ్యూజియం బాగుంటుందని మనసుకు అనిపించినా, దానికిచ్చే చోటు స్కిమ్మర్ కడగడానికి చెయ్యి పెట్టే చోటే అవుతుంది. కార్బన్ మాత్రం చిన్న జాలీ సంచిలో వేసి సాక్ కింద, నీళ్లు పడే చోట పెట్టాను. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే నైట్రిఫైయింగ్ బ్యాక్టీరియా పని ఎలాగూ పైన రాళ్లలో జరుగుతోంది.

ఉప్పు కలపకముందు మామూలు నీళ్లతో అంతా నడిపి చూశాను. పైనుంచి నీళ్లు దిగే డ్రైన్ పైపు కొసను నీటిలో బాగా లోతుకు దించితే గుడగుడ శబ్దం వస్తుంది, రెండు సెంటీమీటర్లు మునిగితే చాలు. తర్వాత ప్లగ్ తీసి, మట్టం ఎక్కడిదాకా పెరిగిందో టేపు అంటించాను. పంప్ నడుస్తున్నప్పటి మట్టానికి ఇంకో టేపు. దానికి పైన ఎప్పుడూ నింపను. పవర్ బోర్డును సంప్‌కు పక్కగా, పైన బిగించాను. ప్రతి వైరూ ప్లగ్ కంటే కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా కట్టాను, నీటి చుక్క వైరు వెంట ప్లగ్‌లోకి చేరకుండా.

ఉప్పునీళ్లు వేశాక కొత్త స్కిమ్మర్ కుదురుకోవడానికి కొంత సమయం తీసుకుంది. అందాకా నురగ ఒక గంట ఉంటే ఇంకో గంట లేదు. పలకల ఎత్తు ముట్టుకోకుండా స్కిమ్మర్ వాల్వ్ ఒక్కటే కొద్దికొద్దిగా తిప్పుతూ వచ్చాను. ఇప్పుడు ముదురు గోధుమరంగు నురగ వస్తోంది. సాక్ మూడు నాలుగు రోజులకోసారి మారుస్తున్నాను, అందులో చిక్కిన చెత్త అక్కడే కుళ్లితే నైట్రేట్ పెరుగుతుంది. సాక్ మార్చినప్పుడే టాప్ ఆఫ్ సెన్సర్ మీద పేరుకున్న ఉప్పునూ తుడిచేస్తున్నాను.